సంఘం చేతిలో ఊరి లెక్క: స్థానిక సమాచారం పోగుచేసి పని జరిపించుకునే పద్ధతి

నీళ్ళ గురించి అర్జీ పట్టుకుని మండల ఆఫీసుకు వెళ్ళిన మహిళా సంఘం సభ్యులకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది. "మా కాలనీకి నీళ్ళు చాలట్లేదు సార్" అంటారు వీళ్ళు. అవతలి మనిషి రిజిస్టరు తిప్పి, "మీ ఊళ్ళో మనిషికి రోజుకు 60 లీటర్లు ఇస్తున్నాం కదమ్మా, నిబంధన ప్రకారం 55 ఇస్తే చాలు" అంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. వీళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. ఆయన చేతిలో అంకె ఉంది, వీళ్ళ చేతిలో లేదు, అంతే తేడా. అర్జీ మీద స్టాంపు వేయించుకుని తిరిగి ఆటో ఎక్కడం తప్ప ఇంకేమీ చేయలేరు.

ఆ కాలనీ అంకె ఎలా తయారు చేసుకోవాలి, దాన్ని ఎవరూ కాదనలేకుండా ఎలా నిలబెట్టుకోవాలి, దాంతో పని ఎలా జరిపించుకోవాలి అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. తాగునీళ్ళనే ఉదాహరణగా తీసుకున్నాను. బడి, రేషన్, అంగన్‌వాడీ, ఇళ్ళ పట్టాలు, దేని మీద పనిచేసే సంఘానికైనా దారి ఇదే. పెద్ద చదువులు అక్కర్లేదు. పదో తరగతి లెక్కలు వచ్చిన ఇద్దరు, ఊరంతా తిరగగల నలుగురు, ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంటే మొదలుపెట్టొచ్చు.

1. ముందు ప్రశ్న, తర్వాతే సర్వే

నేను పాల్గొన్న మొదటి సర్వేలో 74 ప్రశ్నలున్నాయి. కుటుంబంలో ఎంతమంది, పొలమెంత, అప్పెంత, మరుగుదొడ్డి ఉందా, టీవీ ఉందా, ఇలా తోచినవన్నీ రాసుకున్నాం. మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగాం. ఆ కాగితాలన్నీ ఒక సిమెంటు సంచిలో కట్టి సంఘం గదిలో అటక మీద పెట్టాం. వాటిని మళ్ళీ ఎవరూ విప్పలేదు. ఏ నిర్ణయం కోసం అడుగుతున్నామో ముందు అనుకోకపోవడమే కారణం. ఇంటికి ముప్పావు గంట చొప్పున జనం మాకిచ్చిన సమయం అంతా వృథా అయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే మొదటి మీటింగులో మూడు విషయాలు తేల్చుకోండి. ఏం మారాలి? దాన్ని మార్చే అధికారం ఎవరికుంది? వాళ్ళు ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకుంటారు?

"ఊళ్ళో నీళ్ళ సమస్య" అన్నది ప్రశ్న కాదు. "కాలనీలో ఉన్న మూడు కొళాయిలకు రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి, ఇంటికి ఎంత పడుతోంది, విడిగా ఒక పైపులైను వేస్తే సరిపోతుందా" అన్నది ప్రశ్న. మొదటిది విన్నవాళ్ళు తలూపి ఊరుకుంటారు. రెండోదానికి ఎవరో ఒకరు సమాధానం చెప్పి తీరాలి.

అధికారం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. వాల్వు ఎప్పుడు తిప్పాలన్నది పంచాయతీ స్థాయిలో తేలిపోతుంది. కొత్త పైపులైనుకు అంచనా వేయాల్సింది గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు). డబ్బు పంచాయతీ నిధుల నుంచి రావాలంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని ఎక్కాలి. ఈ ప్రణాళికల తయారీ ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీళ్ళకు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. అంటే చాలా ఊళ్ళలో ఇబ్బంది డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. ఏ పనికి ఖర్చు పెట్టాలో తేల్చే రోజున మన కాగితం అక్కడ లేకపోవడం కూడా. మీ లెక్క సెప్టెంబరు నాటికి సిద్ధంగా ఉండేలా చూసుకోండి. జనవరిలో తెచ్చిన మంచి నివేదిక కంటే సెప్టెంబరులో తెచ్చిన ఒక్క పేజీ ఎక్కువ పనికొస్తుంది.

2. ఇప్పటికే రాసి ఉన్నవి వెతకండి

సర్వే అంటే జనం సమయం తీసుకోవడం. వేరేచోట దొరికే సంగతి కోసం ఎవరి గుమ్మమూ తొక్కొద్దు.

ఊళ్ళోనే మొదలుపెట్టండి. అంగన్‌వాడీ టీచరు దగ్గర కుటుంబాల రిజిస్టరు ఉంటుంది. ఎవరింట్లో ఎందరున్నారు, ఎవరు గర్భిణి, ఎవరికి చంటిపిల్లలు అన్నది ఆమెకు తెలిసినంత తాజాగా ఏ వెబ్‌సైటుకూ తెలియదు. ఇళ్ళ సంఖ్య ఆమెను, ఆశా కార్యకర్తను అడిగి సరిచూసుకోండి. ఎవరి పేరూ, ఎవరి ఆరోగ్య సంగతీ అడక్కండి, ఇళ్ళ లెక్క ఒక్కటే అడగండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, కొళాయి కనెక్షన్ల జాబితా ఉంటాయి.

ఆన్‌లైన్లో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ పేరు కొడితే ప్రణాళికలో పెట్టిన పనులు, ఖర్చు కనిపిస్తాయి. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో ఊరివారీగా కొళాయి కనెక్షన్లు చూడొచ్చు. బడుల సమాచారం యూడైస్ ప్లస్‌లో ఉంటుంది. 2011 జనగణన జిల్లా పుస్తకాల్లో ప్రతి ఊరికీ ఇళ్ళు, జనాభా, ఎస్సీ ఎస్టీల సంఖ్య, సౌకర్యాలు విడివిడిగా ఉన్నాయి. ఉచితంగా దింపుకోవచ్చు.

ఇక్కడ రెండుచోట్ల కాలు జారుతుంది. మొదటిది కాలం. 2011 తర్వాత జనగణన జరగలేదు, తర్వాతిది 2027కు ఖరారైంది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలు దాటుతున్నారు. అప్పుడు లేని కాలనీలు ఇప్పుడు వెలిశాయి. కాబట్టి ఆ అంకెను పాత ఫొటోలా వాడండి, ఇప్పటి లెక్కగా చెప్పకండి.

రెండోది హద్దులు. 2011లో తెలంగాణ ప్రాంతంలో 10 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో 13. తెలంగాణలో 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 26 చేశారు. నంద్యాల జిల్లా సంఘం వాళ్ళు 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ జిల్లా కోసం వెతికితే దొరకదు, కర్నూలు కిందే చూడాలి. పైగా ఆ సర్వే జిల్లా వరకే అంకెలిస్తుంది. జిల్లాలో రక్తహీనత ఇంత శాతం అని ఉంటే, మా ఊళ్ళోనూ అంతే అనడానికి వీల్లేదు. జిల్లా పరిస్థితి చెప్పడానికి జిల్లా అంకె, ఊరి పరిస్థితి చెప్పడానికి ఊరి అంకె. ఈ రెండూ కలిపేస్తే అర్జీ చదివే అధికారి మొదటి నిమిషంలోనే పట్టేస్తారు. ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

3. అడిగితే ఇవ్వనివి: సమాచార హక్కు

ముందు నోటితో అడగండి. చాలామంది కార్యదర్శులు, ఏఈలు మర్యాదగా అడిగితే చూపిస్తారు. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం ఎన్నో వివరాలు ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలి కూడా. అప్పటికీ ఇవ్వకపోతే 2005 నాటి ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరికరేఖకు దిగువనున్నవారు ఏమీ కట్టనక్కర్లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా వచ్చింది సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పైఅధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే కాగితాలకు జిరాక్సు ఖర్చు కూడా తీసుకోకూడదు.

దరఖాస్తు రాయడంలోనే అసలు నేర్పంతా ఉంది. "మా కాలనీకి నీళ్ళు ఎందుకు ఇవ్వడం లేదు?" అని రాస్తే తిప్పి పంపేస్తారు. చట్టం కింద ఆఫీసులో రికార్డై ఉన్నదాన్ని అడగొచ్చు గానీ సంజాయిషీ అడగడానికి లేదు. ఇలా రాయండి:

"ఫలానా గ్రామంలో గత 12 నెలల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్ళు ఎక్కించిన మోటారు లాగ్‌బుక్ నకళ్ళు, ఊరి పైపులైన్ల మ్యాపు, గత మూడేళ్ళలో తాగునీటి పనులకు పెట్టిన ఖర్చు, పనివారీగా, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్ళతో సహా, గత రెండేళ్ళ నీటి పరీక్షల ఫలితాలు."

అయిదారు అంశాలకు మించొద్దు. ఏ ఊరు, ఏ కాలం అన్నది ప్రతి అంశంలో ఉండాలి. లబ్ధిదారుల పేర్లతో జాబితా అడిగితే వ్యక్తిగత సమాచారం అని నిరాకరించే అవకాశం ఇప్పుడు ఎక్కువ. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్‌ను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మార్చింది. కాబట్టి పేర్ల బదులు వీధివారీగా సంఖ్యలు అడగండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఈ చట్టం కింద కాగితాలే కాదు, పనినే స్వయంగా చూసే హక్కుంది, రికార్డులు చదివి నోట్సు రాసుకునే హక్కుంది. వందల పేజీల నకళ్ళకు డబ్బు కట్టే బదులు ఇద్దరు వెళ్ళి ఒక పూట కూర్చుని చదివి కావలసినవి రాసుకోవడం మేలు.

ఈ కాగితాల బలం ఎలాంటిదో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం చూపించింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో పంచాయతీ పనుల లెక్కలను జనం మధ్య చదివి వినిపించారు. ఎవరి పేరున కూలి రాశారో వాళ్ళే అక్కడ కూర్చుని విన్నారు. మన దగ్గర 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ కూడా ఇదే దారిలో నడిచింది. కూలీల కుటుంబాల పిల్లలే శిక్షణ తీసుకుని, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. "నీ పేరున ఆ వారం ఆరు రోజులు పని రాసి ఉంది, వెళ్ళావా? డబ్బులు ముట్టాయా?" అని అడిగి, తేలినదాన్ని మండల స్థాయి బహిరంగ సభలో చదివారు. ప్రభుత్వ కాగితం, ఇంటి మనిషి మాట పక్కపక్కన పెట్టడం, అంతే ఆ పద్ధతి. మనం చేయబోయేదీ అదే.

4. ముగ్గుపిండితో ఊరి పటం

సర్వేకు ముందు ఒక సాయంత్రం కేటాయించండి. రామాలయం ముందో, బడి ఆవరణలోనో నేల ఊడ్చి, రెండు కిలోల ముగ్గుపిండి తెచ్చి, "మన ఊరి దారులు వేయండి" అనండి. పెన్ను పట్టుకోవడానికి మొహమాటపడే ఆడవాళ్ళు ముగ్గు చేతికిస్తే వెనకాడరు. దారులయ్యాక ట్యాంకుకు ఒక ఇటుక, కొళాయిలకు గులకరాళ్ళు, చేతిపంపులకు పుల్లలు, పాడైపోయిన పంపుకు విరిచిన పుల్ల. ఇంటికో చింతగింజ.

అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. "ఆ వాల్వు నువ్వు పెట్టిన చోట కాదే, వేపచెట్టు అవతల" అని ఒకరు సరిచేస్తారు. "పైప్ మా ఇంటిదాకా వచ్చి ఆగిపోయింది, అవతల పన్నెండిళ్ళకు లేదు" అని ఇంకొకరు బయటపెడతారు. ఏ ఆఫీసు మ్యాపులోనూ లేని సంగతులివి. ఒకరు పక్కన నిలబడి పెద్ద చార్టు మీదికి ఎక్కించాలి, ఫోన్లో ఫొటో కూడా తీయాలి. చీకటి పడ్డాక గాలికి పోయే పటం అది.

ఒక జాగ్రత్త. పెద్దవీధిలో పెడితే కాలనీవాళ్ళు అంచున నిలబడి చూస్తారు గానీ నోరు విప్పరు. కాలనీలో మళ్ళీ విడిగా ఒకసారి వేయించండి. రెండు పటాల మధ్య తేడాలు కచ్చితంగా రాసుకోండి.

5. బకెట్, ఫోన్, బిందె: నీళ్ళను కొలవడం

"సరిగా రావట్లేదు" అన్నదాన్ని లీటర్లలోకి మార్చడం ఇక్కడే. సరిగ్గా ఎన్ని లీటర్లు పడుతుందో తెలిసిన బకెట్ ఒకటి కావాలి. తెలియకపోతే లీటరు సీసాతో పోసి 20 లీటర్ల దగ్గర పెయింటుతో గీత పెట్టండి. అలాగే మీ ఊళ్ళో వాడే ప్లాస్టిక్ బిందెకు ఎన్ని లీటర్లు పడతాయో కూడా చూడండి, ఎందుకంటే జనం సమాధానం బిందెల్లోనే చెబుతారు. మనం 15 లీటర్లు అనుకుందాం.

తెల్లవారి కొళాయి వచ్చే వేళకు ఒకరు అక్కడ ఉండాలి. నీళ్ళు మొదలైన టైము రాయాలి. మొదట్లో, మధ్యలో, ఆగే ముందు, మూడుసార్లు బకెట్ పెట్టి గీతదాకా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఆగిన టైము రాయాలి. ఇలా ఏడు రోజులు, ఆదివారంతో సహా. కరెంటు పోయిన రోజును వదిలేయొద్దు. "కరెంటు లేదు, నీళ్ళు రాలేదు" అని అదీ రాయాలి.

లెక్క ఇలా కడతాం. మూడు కొలతల సగటు 80 సెకన్లకు 20 లీటర్లు అనుకుందాం. అంటే నిమిషానికి 15 లీటర్లు. నీళ్ళు 40 నిమిషాలు వచ్చాయి, 600 లీటర్లు. ఆ కొళాయి మీద 10 ఇళ్ళున్నాయి, ఇంటికి 60 లీటర్లు, నాలుగు బిందెలు. ఇంటికి నలుగురైతే మనిషికి 15 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు, తెలంగాణలో మిషన్ భగీరథ ఊళ్ళకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. ఇప్పుడు మన చేతిలో అంకె ఉంది.

నీళ్ళ నాణ్యత మీద అనుమానముంటే దాన్నీ పరీక్షించాలి. ఊరికి అయిదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో పరీక్షించడం నేర్పాలని జల్ జీవన్ మిషన్ నియమాల్లో ఉంది. మీ ఊళ్ళో ఆ కిట్ ఎక్కడుందో అడగండి. ఫ్లోరైడ్ భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే 1.5 వరకు. నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఈ అంకె ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. కిట్‌లో ఎక్కువ చూపిస్తే ఆ మాటే ఆఖరు కాదు, శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపి, తేదీ, టైము, చోటు రాసి నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపాలి. మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పోదు, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. ఈ సంగతి సర్వేకు వెళ్ళినప్పుడు తప్పక చెప్పి రండి.

6. ఇంటింటి సర్వే

కాలనీలో 150 ఇళ్ళ లోపు ఉంటే శాంపిల్ గొడవ పెట్టుకోవద్దు, అన్నిళ్ళూ తిరగండి. "మా ఇంటికి రాలేదు" అనే మాట రాకూడదు. ఊరు పెద్దదైతే ఇళ్ళ జాబితా రాసుకుని ప్రతి అయిదో ఇంటికి వెళ్ళండి. తెలిసినవాళ్ళ ఇళ్ళు, దారిలో ఉన్న ఇళ్ళు ఎంచుకోకూడదు.

ప్రశ్నలు పదికి మించొద్దు. అభిప్రాయం అడిగితే మర్యాద సమాధానం వస్తుంది. నిన్నటి సంగతి అడిగితే నిజం వస్తుంది.

"పిన్నీ, నీళ్ళు బాగా వస్తున్నాయా?"
"ఆ, ఏదో వస్తున్నాయిలేమ్మా."

ఇది రాసుకుంటే ఆ ఇంట్లో సమస్య లేనట్టే. అదే గుమ్మం దగ్గర ఇలా అడగండి.

"నిన్న ఎన్ని బిందెలు పట్టావు పిన్నీ?"
"మూడు. నాలుగోది సగం నిండేసరికి ఆగిపోయింది."
"మరి మిగతా వాడకానికి?"
"రెడ్డి గారి బోరు దగ్గర్నుంచి తెచ్చింది పిల్ల. బడికి పోయేసరికి బెల్లు కొట్టేశారంట."

మొదటి పద్ధతిలో ఒక టిక్కు మార్కు. రెండో పద్ధతిలో ఎన్ని బిందెలు, ఇంకెక్కడి నుంచి, ఎవరు మోశారు, దానివల్ల ఏం పోయింది అన్నీ వచ్చాయి. నీళ్ళ క్యాన్లు కొంటున్నారేమో, నిన్న ఎంత పెట్టారో కూడా అడగండి. జనం జేబు నుంచి నెలకు ఎంత పోతోందో చూపే ఆ మొత్తం పంచాయతీ మీటింగులో బాగా పనిచేస్తుంది.

వేళ చూసుకోండి. నాట్లు, కోతల రోజుల్లో పొద్దున ఏడు దాటితే ఇళ్ళలో ముసలివాళ్ళే ఉంటారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ మంచిది. తాళం వేసిన ఇంటిని వదిలేయకుండా "తాళం" అని రాసి ఇంకో రెండుసార్లు వెళ్ళండి. అప్పటికీ ఎవరూ లేకపోతే వలస పోయారా అని పక్కింట్లో అడిగి రాయండి. పాలమూరు వైపు తాళాల సంఖ్యే ఒక కథ చెబుతుంది. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కాబట్టి సమాధానం వాళ్ళనే అడగాలి, అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు ముందుకొచ్చి చెప్పినా సరే.

మొదట అయిదిళ్ళలో అడిగి చూసి, అర్థంకాని ప్రశ్నల్ని మార్చి, తర్వాతే అసలు సర్వే మొదలుపెట్టండి. కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లో తెలుగులో ఫారం చేసుకోవచ్చు, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. కానీ 30 ఇళ్ళకు నోట్‌బుక్కే సులువు. గీతలు గీసి, ఇంటికో వరుస.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆధార్ నంబరు అడగొద్దు. ఫోన్ నంబరు అవసరం లేకపోతే తీసుకోవద్దు. అప్పులు, జబ్బులు, కుటుంబ గొడవలు ఎవరైనా మన మీద నమ్మకంతో చెప్పుకుంటే అవి పుస్తకంలో ఎక్కకూడదు. పూర్తయిన ఫారాల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పేర్లున్న పుస్తకం సంఘం బీరువాలో ఉండాలి, బయటికి వెళ్ళేది అంకెలే. మొదలుపెట్టే ముందు ప్రతి ఇంట్లో చెప్పాలి: ఎందుకు అడుగుతున్నాం, ఎవరికి చూపిస్తాం, ఇష్టం లేకపోతే చెప్పకపోయినా ఏమీ కాదు, దీనివల్ల పథకాలేవీ రావు, పోవు.

7. సరిచూసి లెక్క కట్టడం

పది ఇళ్ళకు ఒక ఇల్లు చొప్పున వేరే మనిషి వెళ్ళి రెండు ప్రశ్నలు మళ్ళీ అడగాలి. తేడా ఎక్కువ వస్తే ఆ వీధి మొత్తం తిరిగి చేయాలి. జనం చెప్పిన బిందెలు, మనం కొళాయి దగ్గర కొలిచిన లీటర్లు దగ్గర దగ్గరగా ఉండాలి. లేకపోతే ఎందుకో కనుక్కోవాలి. దాయొద్దు. మన వాదనకు అడ్డొచ్చే అంకెను తీసేసిన రోజున ఆ లెక్క మొత్తం చెల్లకుండా పోతుంది.

ఇప్పుడు మొదట్లో ఆ అధికారి చెప్పిన 60 లీటర్ల దగ్గరికి రండి. ఊళ్ళో 160 ఇళ్ళు, ఇంటికి నలుగురు అనుకుందాం. పెద్దవీధి చుట్టుపక్కల 90 ఇళ్ళకు ఇంటికి 300 లీటర్లు, 27,000. పడమటి వీధిలో 40 ఇళ్ళకు 240 చొప్పున 9,600. కాలనీలో 30 ఇళ్ళకు 60 చొప్పున 1,800. అన్నీ కలిపితే 38,400. దాన్ని 160తో భాగిస్తే ఇంటికి 240, మనిషికి 60 లీటర్లు. ఆయన రిజిస్టరు నిజమే చెప్పింది. మనిషికి 15 లీటర్లతో బతుకుతున్న కాలనీ ఆ సగటులో మునిగిపోయింది.

సగటు చేసే అన్యాయం ఇది. అందుకే ఎప్పుడూ వీధివారీగా, వాడవారీగా విడగొట్టి చూడండి. ఎవరు ఏ వాడలో ఉంటారో మన ఊళ్ళలో అందరికీ తెలుసు, కాబట్టి వాడవారీ పట్టిక వేస్తే చాలు, ఎవరికి తక్కువ అందుతోందో ఇంక విడిగా చెప్పనక్కర్లేదు. శాతం చెప్పేటప్పుడు పక్కన అసలు సంఖ్య రాయండి. "80 శాతం" అనే కంటే "30 ఇళ్ళలో 24" అన్నది బలంగా ఉంటుంది.

8. ముందు ఊరికి చెప్పాలి

ఆఫీసుకు వెళ్ళే ముందు ఈ లెక్క కాలనీలో చదివి వినిపించండి. అక్కడ తప్పులు దొరుకుతాయి, అక్కడే దొరకాలి. గోడ మీద చార్టు అంటించి బిందెల బొమ్మలతో చూపండి. చదువురాని వాళ్ళు కూడా పెద్దవీధికి ఇరవై, మనకు నాలుగు అని ఒక్క చూపులో చూస్తారు. తర్వాత పెద్దవీధి వాళ్ళతో కూడా మాట్లాడండి. నేను చూసినంతలో, అంకెలు చూపించి మాట్లాడినప్పుడు గొడవ తక్కువైంది. తమకు వచ్చే నీళ్ళు అవతలి వాళ్ళ వాటా నుంచే పోతున్నాయని చాలామందికి నిజంగానే తెలియదు.

ఊరే కొలుచుకుని ఊరే నిర్ణయించుకోవడానికి మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. 2000ల దశకంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భజలాల కార్యక్రమం అది. 600కు పైగా ఊళ్ళలో రైతులు, ఆడవాళ్ళతో సహా, రోజూ వాన కొలిచారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం పదిహేను రోజులకోసారి చూసి ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, ఇన్ని ఎకరాల వరికి ఇంత కావాలి అని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. బోరు ఆపమని ఎవరూ ఆజ్ఞాపించలేదు, మానుకుంటే సబ్సిడీ ఇస్తామనీ అనలేదు. తన పొలంలో ఏం వేయాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. నీటిమట్టం ఎవరో వచ్చి చెబితే వినేవాళ్ళు కాదేమో, తమ చేత్తో కొలిచారు కాబట్టి నమ్మారు.

9. కాలేజీలు, పరిశోధకులు

సోషల్ వర్క్ చదివే విద్యార్థులకు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. దగ్గర్లోని కాలేజీకి ఉత్తరం రాస్తే ఇద్దరు ముగ్గురు రావచ్చు, పట్టికలు వేయడంలో సాయపడతారు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, బేగంపేట సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) లాంటివి ఊళ్ళ మీద ఏళ్ళుగా అధ్యయనాలు చేస్తున్నాయి. వాటి నివేదికలు చాలావరకు ఆన్‌లైన్లో దొరుకుతాయి.

బయటివాళ్ళు మీ ఊరి మీద పరిశోధన చేస్తామని వస్తే ముందే మాట్లాడుకోండి. ఫలితాలు తెలుగులో, రెండు పేజీల్లో, ఫలానా తేదీలోపు ఊరికి ఇవ్వాలి. ప్రశ్నల్లో రెండు మూడు మన సంఘానికి పనికొచ్చేవి ఉండాలి. వచ్చి రాసుకుపోయి మళ్ళీ కనిపించనివాళ్ళ గురించి ప్రతి ఊళ్ళో ఒక చేదు జ్ఞాపకం ఉంది. సంఘం తీర్మానం పుస్తకంలో ఈ షరతులు రాసి వాళ్ళ సంతకం తీసుకోవడం అమర్యాద కాదు.

10. ఒక్క పేజీ అర్జీ

పైన ఒక వాక్యంలో అడిగేది: "ఫలానా గ్రామం కాలనీకి ట్యాంకు నుంచి విడిగా పైపులైను, ప్రత్యేక వాల్వు కావాలి." కింద వాడవారీ చిన్న పట్టిక. ఏ తేదీల్లో, ఎలా కొలిచామో రెండు లైన్లు. "మా కొలతపై సందేహముంటే ఏ రోజైనా పొద్దున మాతో కలిసి కొలవగలరు" అన్న వాక్యం తప్పక ఉండాలి, ఎందుకంటే ఈ ఆహ్వానం ఉన్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం. వెనక గ్రామసభ తీర్మానం నకలు, పటం ఫొటో. అంతే. పాతిక పేజీల నివేదిక అడిగినప్పుడు ఇవ్వడానికి సంచిలో ఉంటే చాలు.

కార్యదర్శికి, ఏఈకి ఇచ్చి నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్లో జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అంటారు, అక్కడ ఇచ్చి రసీదు నంబరు రాసుకోండి. వెళ్ళేటప్పుడు కొళాయి దగ్గర టైము రాసిన మనిషి తప్పక వెంట ఉండాలి. "ఎవరు కొలిచారమ్మా ఇది?" అని అడిగితే "నేనే సార్, వారం రోజులు, పొద్దున్నే" అని చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

పైపులైను పడ్డాక, నెల ఆగి, అదే కొళాయిల దగ్గర, అదే బకెట్‌తో, మళ్ళీ ఏడు రోజులు కొలవండి. పాత కొలత పక్క గడిలోనే కొత్తది రాయండి. వేసవిలో ఏప్రిల్ చివర ఇంకోసారి. అప్పటికి బోర్లలో నీళ్ళు తగ్గి, వాల్వు మళ్ళీ పెద్దవీధి వైపే తిరిగి ఉండొచ్చు. ఆ నోట్‌బుక్కులో ముందే కొన్ని పేజీలకు గీతలు గీసి, తేదీల గడులు ఖాళీగా ఉంచుకోండి.